బండ్లు లేని దారి ఎవరి దారి? మిది కాలువ గట్టు, ద్రాక్ష తోటలు, గ్రావెల్ సైకిల్

దక్షిణ ఫ్రాన్స్‌లో మిది కాలువ మీదున్న పాత రాతి వంతెనల కింద, గట్టువైపు మూలరాళ్లను తడిమి చూస్తే కొన్నింటి మీద వేలు ఇమిడేంత గాట్లు తగులుతాయి. మన ఊళ్లలో పాత బావుల ఒరల మీద చేదతాడు రాసుకుని పడిన గాట్లు చూసినవాళ్లకు అవేమిటో చెప్పక్కర్లేదు. ఇక్కడ తాడుకు ఒక చివర సరుకు పడవ, రెండో చివర గుర్రమో కంచర గాడిదో. తరాల తరబడి ఆ తాడు అక్కడే రాసుకుంది.

ఇవాళ ఆ గట్టు మీద సైకిళ్లు తిరుగుతున్నాయి. ఒకవైపు నీళ్లు, మరోవైపు ద్రాక్ష తోటలు, కారూ లేదు లారీ లేదు అని ఊరించే ప్రకటనలు చూసి జనం ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారు. తులూజ్‌లో విమాన పరిశ్రమలో పనిచేసే తెలుగువాళ్లకైతే ఇది గుమ్మం ముందున్న దారే. వెళ్లొచ్చినవాళ్ల మాటలు మాత్రం ఒకదానితో ఒకటి పొసగవు. అద్దంలా ఉందని ఒకరు, నడుం విరిగిందని ఇంకొకరు. రోజంతా ఒక్క బండి ఎదురుకాలేదని ఒకరు, ట్రాక్టరుకు దారివ్వడానికి తోటలోకి దిగాల్సి వచ్చిందని మరొకరు. ఎవరూ అబద్ధమాడటం లేదు. ఒకే పేరు కింద నాలుగు రకాల దారులున్నాయి. ఆ నాలుగింటికీ నియమాలు వేరు.

గ్రావెల్ అంటే టిప్పర్లు తోలేది కాదు

మనకు గ్రావెల్ అనగానే గుర్తొచ్చేది లేఅవుట్లలో టిప్పర్లు దింపే ఎర్రమట్టి, తెలంగాణలో మొరం. సైకిల్ భాషలో దానికి అంత ఖచ్చితమైన అర్థం లేదు. తారు లేని దారి ఏదైనా గ్రావెలే. గట్టిపడిన మట్టి, గులకరాళ్లు, కంకర పరిచి రోలరు తొక్కించిన బాట, మధ్యలో గడ్డి మొలిచిన ట్రాక్టరు దారి, అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. అమెరికాలో కాన్సాస్ పొలాల మధ్య రాతిపొడి రోడ్ల మీద 2006లో మొదలైన పందెం ఈ పేరుకు బాగా ప్రచారం తెచ్చింది. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2022లో ఇటలీలో తొలి గ్రావెల్ ప్రపంచ పోటీలు పెట్టింది.

గ్రావెల్ సైకిల్ చూడటానికి రేసు సైకిల్‌లాగే ఉంటుంది. హ్యాండిల్ కిందికి వంపు తిరిగి ఉంటుంది. అసలు తేడా టైర్లలో. రోడ్డు సైకిల్ టైరు 25 నుంచి 32 మిల్లీమీటర్ల వెడల్పుంటే, దీనికి 38 నుంచి 50 దాకా. వెడల్పు వల్ల ఒరిగేదేమిటో చిన్న లెక్కలో చూడొచ్చు. మనిషి, సైకిల్, సంచి కలిపిన బరువులో వెనక చక్రం మీద 50 కిలోలు పడుతోందనుకుందాం. టైరులో గాలి 80 పీఎస్ఐ ఉంటే, అంటే చదరపు సెంటీమీటరుకు 5.6 కిలోలు, నేలను తాకే మేర సుమారు 9 చదరపు సెంటీమీటర్లు. వెడల్పు టైరులో 35 పీఎస్ఐ సరిపోతుంది. అప్పుడు తాకే మేర 20 చదరపు సెంటీమీటర్లు. అంటే అదే బరువు రెండింతల నేల మీద పరుచుకుంటుంది. గులకరాయి తగిలినప్పుడు టైరు దాన్ని తన్నకుండా మింగేస్తుంది. సన్నటి టైరులో ఇంత తక్కువ గాలి పెడితే రిమ్ముకీ రాయికీ మధ్య ట్యూబు నలిగి పంక్చరవుతుంది. సైకిల్ గురించి ఇంతకంటే చెప్పుకోవాల్సింది పెద్దగా లేదు. చిక్కంతా దారి దగ్గరే.

గుర్రాల బాట ఖాళీ అయిన తీరు

ఉప్పు పన్ను వసూలు చేసే పియెర్ పాల్ రికే అనే ఆయన అట్లాంటిక్ వైపు నుంచి మధ్యధరా సముద్రానికి పడవల దారి వేస్తానని 17వ శతాబ్దంలో ముందుకొచ్చాడు. 14వ లూయీ రాజు 1666లో ఆజ్ఞాపత్రం ఇచ్చాడు. తులూజ్ నుంచి మధ్యధరా ఒడ్డున ఉన్న 'తో' అనే సరస్సు దాకా 240 కిలోమీటర్లు. 1681లో కాలువ తెరిచారు. అంతకు కొన్ని నెలల ముందే రికే చనిపోయాడు. పడవను మెట్టు మెట్టుగా ఎక్కించి దించే తలుపుల కట్టడాలను గోదావరి జిల్లాల్లో లాకులంటారు. ఈ కాలువకు ప్రాణం ఆ లాకులే. బెజియే ఊరి దగ్గర వరసగా ఎనిమిది తొట్లున్న మెట్ల లాకులు పడవను 21 మీటర్లకు పైగా దించుతాయి.

పడవను లాగే గుర్రానికి గట్టు మీద చదునైన బాట కావాలి. ఆ లాగుడు బాటే నేటి సైకిల్ దారి. లాకుల దగ్గర తప్ప అది ఎక్కడా చటుక్కున ఎక్కదు, చటుక్కున దిగదు. నీళ్లు సమమట్టంలో నిలవాలి కాబట్టి దాని పక్కనున్న బాటా సమంగానే ఉంటుంది. తులూజ్ దగ్గర కాలువ ఎత్తు 132 మీటర్లు. 52వ కిలోమీటరు దగ్గర నోరూజ్ మిట్ట 189 మీటర్లు. ఇక్కడ పడ్డ వాన ఒకవైపు అట్లాంటిక్‌కు, రెండోవైపు మధ్యధరాకు పోతుంది. 52 కిలోమీటర్లలో 57 మీటర్లంటే కిలోమీటరుకు మీటరు పైచిలుకు. ఫ్లైఓవర్ ఎక్కడానికి పడే శ్రమ కూడా ఇక్కడ పడదు. అర్జాఁ లాకు దాటాక బెజియే దాకా 54 కిలోమీటర్ల పాటు అసలు లాకే లేదు. కొండల అంచుల్ని ఒరుసుకుంటూ, ఒకే మట్టం పట్టుకుని కాలువ పాములా మెలికలు తిరుగుతుంది. తారు రోడ్డు నేరుగా వెళ్లిపోయే ఊరికి మీరు చుట్టూ తిరిగి వెళ్తారు. తొందరున్నవాళ్లకు ఇది విసుగు, లేనివాళ్లకు ఇదే సుఖం.

మరి ఈ బాట ఖాళీ ఎప్పుడయింది? 1857లో బోర్డో నుంచి మధ్యధరా తీరంలోని సెత్‌కు రైలు పడింది. మరుసటి ఏడాదే కాలువను 40 ఏళ్లకు కౌలుకు తీసుకున్నది ఎవరనుకున్నారు? ఆ రైలు కంపెనీయే. పోటీదారు చేతికి తాళాలిస్తే ఏమవుతుందో అదే అయింది. సరుకు క్రమంగా రైలెక్కేసింది. తర్వాత పడవలకు మోటార్లు రావడంతో గుర్రాల పనీ పోయింది. రోడ్డుగా మారకుండా, పొలంలో కలవకుండా గట్టు అలా మిగిలిపోయింది.

మన దగ్గర ఇదే రకం గట్టుకు వేరే రాత పడింది. కాటన్ ఆనకట్ట తర్వాత గోదావరి డెల్టా కాలువల మీద ధాన్యం పడవలు నడిచాయి. గట్టు మీద నుంచి మనుషులే తాడు భుజాన వేసుకుని లాగేవారు. పడవలు పోయాక ఆ గట్లలో చాలావాటి మీద రోడ్లు పడ్డాయి. రాజమండ్రి నుంచి కాకినాడ వెళ్లే కెనాల్ రోడ్డు మీద ఇప్పుడు లారీల మధ్య సైకిల్ తొక్కాలంటే గుండె ధైర్యం కావాలి. చదునైన గట్టు ఎవరికైనా కావాలి. ముందు ఎవరు అడిగారు, ఎవరి పేరున రాసిచ్చారు అన్నదే తేడా.

"ట్రాఫిక్ లేదు" అనే మాటకు నాలుగు అర్థాలు

మొదటిది ఉత్త లాగుడు బాట. ఇది కాలువకు చెందిన సేవాబాట, ప్రభుత్వ ఆస్తి. చూసుకునేది ఫ్రాన్స్ జలమార్గాల సంస్థ. అనుమతి లేని మోటారు బండ్లకు ఇక్కడ ప్రవేశం లేదు. నడిచేవాళ్లను, సైకిళ్లను రానిస్తారు కానీ, ఆ బాటను సైకిళ్ల కోసం తీర్చిదిద్దే బాధ్యత సంస్థకు లేదు. చెట్టు వేరు తగిలి పడితే పూచీ మీదే. గట్టు బాగుచేసే లారీ ఎదురొస్తే అది దాని ఇల్లు, మీరు చుట్టం.

రెండోది 'వ్వా వెర్త్', అంటే పచ్చదారి. ఫ్రాన్స్ రోడ్డు చట్టంలో దీనికి నిర్వచనం ఉంది. మోటారు లేని బండ్లకు, పాదచారులకు, గుర్రపు స్వారీ చేసేవాళ్లకు మాత్రమే ఉద్దేశించిన దారి అది. లాగుడు బాట పచ్చదారిగా మారాలంటే జిల్లా పాలకవర్గమో ఊరి పాలకవర్గమో జలమార్గాల సంస్థతో ఒప్పందం చేసుకోవాలి. నేల కాలువదే, పైనున్న దారి పోషణ మాత్రం జిల్లాది. మన దగ్గర ఇరిగేషన్ గట్టు మీద ఆర్ అండ్ బీ రోడ్డు వేయడానికి ఫైలు కదలాల్సినట్టే. ఇందులో ఒక మెలిక ఉంది. బ్యాటరీ సైకిల్‌కు మోటారున్నా, 250 వాట్లు, గంటకు 25 కిలోమీటర్ల దాకా మాత్రమే సాయం చేసేదైతే చట్టం కళ్లకు అది సైకిలే. 45 కిలోమీటర్ల వేగం దాకా లాక్కెళ్లేది మోపెడ్ కిందికి వస్తుంది, దానికి ఇక్కడ చోటు లేదు.

మూడోది 'వెలోరూట్'. ఎక్కువమంది పొరబడేది దీని దగ్గరే. ఇది దారి పేరు కాదు, ప్రయాణం పేరు. గుర్తుల పలకలతో ఊరు నుంచి ఊరికి చూపించే దూరప్రయాణపు మార్గం. అట్లాంటిక్ దగ్గరి రోయాఁ నుంచి సెత్ దాకా పోయే 'రెండు సముద్రాల కాలువ' మార్గం అలాంటిదే. వెలోరూట్‌లో పచ్చదారులుంటాయి, వాటిని కలపడానికి కార్లు తక్కువగా తిరిగే పల్లె రోడ్లూ ఉంటాయి. ఒక 60 కిలోమీటర్ల వెలోరూట్‌లో 48 పచ్చదారి, 12 పల్లె రోడ్డు అనుకుందాం. ప్రకటన రాసేవాడు 'ఎనభై శాతం ట్రాఫిక్ లేదు' అంటాడు, అది నిజమే. వెనక సీట్లో పిల్లను కూర్చోబెట్టుకున్న తల్లి చూసేది ఆ 12 కిలోమీటర్లనే. ఆమె లెక్కా నిజమే.

నాలుగోవి తోటల మధ్య దారులు. వాటి సంగతి వేరు.

తోట దారిలో ఎవరు ముందు

మిది కాలువ త్రెబ్ అనే ఊరు దాటాక మినెర్వా ద్రాక్ష ప్రాంతపు అంచున నడుస్తుంది. దక్షిణంగా కొర్బియేర్ కొండలు. ఇక్కడి తోటలు చిన్న చిన్న కమతాలు. ప్రతి ముక్కకూ ట్రాక్టరు వెళ్లాలి, కాబట్టి వలలా దారులు. ఆ వలే గ్రావెల్ సైకిల్‌వాళ్లకు పండగ. ఈ చిన్న రైతులు మెతక మనుషులనుకుంటే పొరపాటు. 1907లో వైన్ ధరలు పడిపోయినప్పుడు, కాలువ పక్కనున్న అర్జెలియే అనే పల్లె నుంచి మార్సెలాఁ అల్బేర్ అనే ద్రాక్ష రైతు వెంట 87 మంది నార్బోన్‌కు బయల్దేరారు. మూడు నెలల్లో మోఁపెలియే సభకు లక్షల్లో జనం. ఆఖరికి సైన్యం కాల్పులు జరిపేదాకా వెళ్లింది.

తోట దారుల్లో రెండు రకాలు. ఊరి పంచాయతీకి చెందిన గ్రామీణ బాట అందరిదీ. మన పుంత దారిలాంటిది. రెండోది కమతాల యజమానులు ఉమ్మడిగా వాడుకునే సాగు దారి. అది ప్రైవేటు ఆస్తి, వాళ్లు వద్దంటే వెళ్లకూడదు. పటంలో రెండూ ఒకేలాంటి సన్నగీతలు. ఫోన్‌లో మార్గం గీసిచ్చే యాప్‌కు ఈ తేడా తెలియదు. నేల మీద గొలుసో పలకో కనబడితేనే మనకు తెలుస్తుంది. పైగా 'బండ్లకు ప్రవేశం లేదు' అనే పలక కింద 'వ్యవసాయ యంత్రాలు మినహా' అని ఉండటం మామూలే. సెప్టెంబరు కోతల్లో వరసను మీద నుంచి దాటుతూ గుత్తులు దులిపే ఎత్తైన యంత్రం ఆ దారి మొత్తాన్నీ ఆక్రమిస్తుంది. అలాంటప్పుడు పక్కకు తప్పుకోవాల్సింది సైకిలే.

ఇంకొక సంగతి ప్రకటనల్లో కనబడదు. ద్రాక్షకు బూజు తెగులు, బూడిద తెగులు ఎప్పుడూ పొంచి ఉంటాయి. మన రైతులు పేరు పెట్టి పిలిచే బోర్డో మిశ్రమం ఫ్రాన్స్‌లో ఈ బూజు తెగులు కోసమే పుట్టింది. ఫ్రాన్స్ నిబంధనల ప్రకారం గాలి గంటకు 19 కిలోమీటర్లు దాటితే మందు చల్లకూడదు. ఈ ప్రాంతానికి గాలి రోగం ఉంది. పొద్దెక్కితే సెర్స్ అనే పడమటి గాలి లేవచ్చు. అందుకని రైతు తెల్లవారుజామునే స్ప్రేయరు కడతాడు. ఎండకూ ఎదురుగాలికీ జడిసి సైక్లిస్టు బయల్దేరేదీ సరిగ్గా ఆ వేళకే. మందు చల్లిన తోటలోకి కూలీలు కనీసం 6 గంటల పాటు అడుగు పెట్టకూడదని నియమం, మందును బట్టి 48 గంటల దాకా. పక్క దారిన పోయేవాడికి ఆ నియమం వర్తించకపోయినా, ముక్కుకు ఘాటు తగిలినప్పుడు ఆ లెక్క గుర్తుంటే మంచిదే.

ఒకే కాలువ, రెండు రోజులు

కాలువను తులూజ్ నుంచి కిలోమీటర్లతో కొలుస్తారు: నోరూజ్ 52, కాస్తెల్నొదరి 65, కర్కసోన్ 105, త్రెబ్ 118, లె సొమాయ్ 166, బెజియే దగ్గర 208.

మొదటి రోజు తులూజ్ నుంచి నోరూజ్ దాకా 52 కిలోమీటర్లు. ఇది ఓత్ గారోన్ జిల్లా పచ్చదారి, దాదాపు అంతా గట్టి నున్నటి పూత. గంటకు 20 కిలోమీటర్లతో రెండున్నర గంటల పైచిలుకులో అయిపోతుంది. గ్రావెల్ సైకిల్ అవసరమే లేదు, పాత అట్లాస్ సైకిలైనా చాలు.

రెండో రోజు త్రెబ్ నుంచి లె సొమాయ్ దాకా. దూరం ఇంకా తక్కువ, 48 కిలోమీటర్లే. ఓద్ జిల్లాలో పచ్చదారి ఒప్పందాలు, పనులు ఆలస్యంగా మొదలై విడతలవారీగా సాగుతున్నాయి. పని జరగని చోట పాత లాగుడు బాటే ఉంది. చోటచోట జానెడు వెడల్పు కాలిబాట, పక్కన గడ్డి, మెట్లు మెట్లుగా లేచిన చెట్ల వేళ్లు. గంటకు 12 కిలోమీటర్లు పోతే గొప్ప. నాలుగు గంటలు. వానపడితే బంక మట్టి బ్రేకుల దగ్గర ముద్దకట్టి చక్రం తిరగనివ్వదు. మొదటి రోజును చూసి రెండో రోజును అంచనా వేసుకున్నవాళ్లే తిరిగొచ్చి తిట్టేది.

సముద్రం దగ్గరికొచ్చాక బాట మళ్లీ నున్నగా మారుతుంది, కానీ అక్కడ ఇంకో శత్రువు. అగ్ద్ దాటాక నా వెనక టైరు ఉస్సుమంటే దిగి చూశాను. టైరు చుట్టూ నాలుగైదు చోట్ల గుచ్చుకుని ఉన్నాయి, చిన్నప్పుడు చెప్పుల్లేకుండా తిరిగి ఏడ్చిన ముళ్లు. పల్లేరుకాయలు! ఎలా పడ్డా ఒక ముల్లు పైకి నిలబడే అదే తీరు. పల్లేరు ఈ మధ్యధరా తీరపు మొక్క కూడానని ఆ రోజు తెలిసింది. ట్యూబు లేని టైరులో జిగురు ద్రవం పోసుకునేవాళ్లకు ఇది పెద్ద లెక్కలోది కాదు, రంధ్రం దానంతటదే పూడుతుంది. నేను ట్యూబు మీద నమ్మకంతో వెళ్లాను. ముళ్లు పీకడానికే అరగంట పట్టింది.

పూత వేయాలా, మట్టిగా ఉంచాలా

ఓద్ జిల్లాలో బాటను చదును చేయాలనేవాళ్ల వాదన సూటిగా ఉంది. ముసలివాళ్లు, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు, చిన్నపిల్లలు వేళ్ల మీద పోలేరు. మధ్యలో తెగిన మార్గానికి దూరప్రయాణికులు రారు, వాళ్లు రాకపోతే కాలువ పక్క ఊళ్లలో కాఫీ దుకాణం నడవదు.

వద్దనేవాళ్లలో రెండు తెగలున్నాయి. గ్రావెల్ సైకిల్‌వాళ్లకు మట్టే ముద్దు. నునుపు చేస్తే ఇక్కడికి రావడం దేనికంటారు. వీళ్ల మాటలో కొంత స్వార్థముంది, దాచుకోరు. నడిచేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు చెప్పేది వేరు. నున్నగా చేసిన చోట సైకిళ్ల వేగం పెరిగింది, వెనక నుంచి గంట కొట్టి తరుముతున్నారని. పడవలవాళ్లకు గట్టున మేకు దిగేసి తాడు కట్టుకోవాలి. ఆ తాడు బాటకు అడ్డంగా ఉంటే ఇద్దరికీ ప్రమాదం. మీదుమిక్కిలి 1996 నుంచి కాలువ యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. నల్లటి తారు పట్టీ వేస్తే దాని రూపం చెడుతుందనే అభ్యంతరం తేలిగ్గా తీసేసేది కాదు.

రాజీగా చాలాచోట్ల వేసేది నలిపిన రాతిపొడిని తడిపి దిమ్మిస చేసిన బాట. రంగు మట్టిలాగే ఉంటుంది, నీళ్లు ఇంకుతాయి. దాని లోపం ఖర్చు దగ్గర బయటపడుతుంది. వానకు కోసుకుపోతుంది, పదేపదే పూడ్చాలి. తారుకు మొదట డబ్బు, దీనికి ఎప్పుడూ డబ్బు. నాకైతే ఈ రాతిపొడి బాటే సబబనిపిస్తుంది, కానీ ఏటా పూడ్చే డబ్బు నా జేబులోంచి పోదు కదా.

వేళ్లు, నీడ, నిప్పు

బాటను ఎత్తిన ఆ వేళ్లు ప్లేన్ అనే పెద్ద నీడ చెట్లవి. గట్ల వెంట సుమారు 42,000 ఉండేవి, ఎక్కువగా 19వ శతాబ్దంలో నాటినవి. సైకిల్‌కు గండంగా తోచే ఆ వేళ్లే గట్టు కూలకుండా పట్టుకున్నాయి. 2006లో వాటికి ఒక శిలీంధ్రపు తెగులు సోకినట్టు గుర్తించారు. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యపు మందుగుండు పెట్టెల చెక్కతో అది ఐరోపాకు వచ్చిందని చెబుతారు. మందు లేదు. నరికి కాల్చడమొక్కటే దారి. ఇప్పటిదాకా 30 వేలకు పైగా చెట్లు పోయాయి. వాటి స్థానంలో రకరకాల మొక్కలు నాటుతున్నారు, ముఖ్యమైనది టర్కీ ఓక్. అది నీడనివ్వడానికి ఒక తరం పడుతుంది. పాత ఫొటోల్లోని ఆకుపచ్చ సొరంగాన్ని చూసి జులైలో వెళ్లేవాళ్లు చాలాచోట్ల బోడి గట్టు మీద మాడిపోతారు.

తోటలూ తగ్గుతున్నాయి. వైన్ తాగేవాళ్లు తగ్గడం, కరువు, అప్పులతో రైతులు తీగలు పీకేస్తున్నారు. శాశ్వతంగా పీకితే హెక్టారుకు 4,000 యూరోలిచ్చే పథకాన్ని ప్రభుత్వం 2024లో పెట్టింది. 2025 ఆగస్టు 5న కొర్బియేర్‌లో రిబోత్ దగ్గర అంటుకున్న మంట సుమారు 16,000 హెక్టార్ల మేర వ్యాపించింది. దున్నిన నేల, పచ్చటి తీగ ఉన్న తోట మంటకు అడ్డుకట్టలా పనిచేస్తుందని, పీకేసి బీడుపెట్టిన చోట పొద పెరిగి అదే ఇంధనమైందని ఆ తర్వాత అక్కడ గట్టి చర్చ నడిచింది.

సైకిల్‌కు దీనితో నేరుగా సంబంధముంది. తీగ పీకిన ముక్కకు ట్రాక్టరు రాదు. ట్రాక్టరు రాని దారిని రెండేళ్లలో ముళ్లపొదలు మూసేస్తాయి. వేసవిలో మంట ప్రమాదం ఎక్కువున్న రోజుల్లో కొండల దారుల్ని అధికారులే మూసేస్తారు. అప్పుడు బండ్లూ ఉండవు, సైకిళ్లూ ఉండవు.